ఎంబెడెడ్ పరికరాల బూట్ క్రమంలో యూఎస్‌బీ పోర్టు రెగ్యులేటర్లు: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత అవసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎంబెడెడ్ పరికరానికి విద్యుత్తు అందిన క్షణం నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా నడిచే వరకు సాగే ప్రక్రియను బూట్ క్రమం అంటారు. ఈ క్రమంలో యూఎస్‌బీ పోర్టుకు 5 వోల్టుల సరఫరా ఏ దశలో, ఏ ప్రోగ్రామ్ ఆదేశంతో మొదలవుతుందో, ఆ ఆదేశం లోపించినప్పుడు ఏం జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో వ్యర్థజలాల నిరంతర పర్యవేక్షణకు వాడదగిన డేటా గేట్‌వేను ఉదాహరణగా తీసుకొని, యూ-బూట్ బూట్‌లోడర్, లినక్స్ కెర్నెల్, డివైస్ ట్రీ అనే మూడింటి మధ్య ఉండవలసిన బాధ్యతల విభజనను పరిశీలిస్తుంది. రెగ్యులేటర్‌ను శాశ్వతంగా ఆన్‌లో ఉంచడం సులభోపాయమే అయినా, మనిషి అందుబాటులో లేని చోట అది పరికరం తనను తాను బాగుచేసుకునే అవకాశాన్ని తొలగిస్తుందని నిరూపించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: ఎంబెడెడ్ వ్యవస్థలు, యూఎస్‌బీ, వీబస్, రెగ్యులేటర్, బూట్‌లోడర్, డివైస్ ట్రీ, లినక్స్ కెర్నెల్, పర్యావరణ పర్యవేక్షణ, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు పశ్చిమాన, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకొని ఉన్న కొల్లూరు నుంచి రామచంద్రాపురం, పటాన్‌చెరు, బొల్లారం వరకు విస్తరించిన ప్రాంతం తెలంగాణలోని ప్రధాన పారిశ్రామిక మండలాల్లో ఒకటి. ఔషధ, రసాయన పరిశ్రమలు ఇక్కడ అధికంగా ఉన్నాయి. ఈ పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులోను, దాని ద్వారా మంజీర నదిలోను చేరడం దశాబ్దాలుగా వివాదాంశం. ఈ కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం చోటుచేసుకుంది.

2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలి, అధిక కాలుష్యానికి కారణమయ్యే 17 రకాల పరిశ్రమలు, ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలు తమ విడుదలలను నిరంతరం కొలిచి, ఆ సమాచారాన్ని నేరుగా మండళ్ల సర్వర్లకు పంపే ఏర్పాటు చేసుకోవాలని రాష్ట్ర మండళ్ల ద్వారా ఆదేశించింది. ఔషధ పరిశ్రమ ఆ 17 రకాల్లో ఒకటి. ఆమ్లత, రసాయనిక ఆక్సిజన్ అవసరం, తేలియాడే ఘనపదార్థాలు, ప్రవాహ పరిమాణం వంటి కొలతలు ఈ విధంగా పంపవలసినవి.

ఈ ఆదేశం వెనుక ఒక సాంకేతిక ఊహ ఉంది. కొలిచే పరికరం, పంపే పరికరం ఎల్లవేళలా పనిచేస్తాయన్నదే ఆ ఊహ. కొలతలను సేకరించి పంపే డేటా గేట్‌వే సాధారణంగా లినక్స్ నడిచే చిన్న కంప్యూటర్. దానికి యూఎస్‌బీ పోర్టు ద్వారా 4జీ మోడెమ్‌ను, సెన్సర్లతో మాట్లాడే ఆర్ఎస్-485 మార్పిడి పరికరాన్ని అమర్చడం పరిపాటి. అర్ధరాత్రి కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు గేట్‌వే దానంతట అదే బూట్ కావాలి. కంప్యూటర్ సక్రమంగా బూట్ అయినా యూఎస్‌బీ పోర్టుకు విద్యుత్తు చేరకపోతే మోడెమ్ మేల్కొనదు. సర్వర్ వైపు నుంచి చూసేవారికి ఖాళీ మాత్రమే కనిపిస్తుంది. ఆ ఖాళీ పరికర లోపమో, ఉద్దేశపూర్వకమో దూరం నుంచి తేల్చడం కష్టం. కాబట్టి పోర్టుకు విద్యుత్తు ఇచ్చే చిన్న ఆదేశానికి పర్యావరణ సాక్ష్యం విశ్వసనీయతతో సంబంధం ఉంది.

2. యూఎస్‌బీ పోర్టులో విద్యుత్ సరఫరా

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లోను, నేటికీ ఎంబెడెడ్ రంగంలో విస్తారంగా వాడుతున్న 2.0 ప్రమాణం 2000లోను వెలువడ్డాయి. 2.0 పోర్టులో నాలుగు తీగలుంటాయి: సమాచారానికి రెండు, భూమికి ఒకటి, 5 వోల్టుల సరఫరాకు ఒకటి. ఈ చివరి తీగనే వీబస్ అంటారు. హోస్ట్ అనుమతి లభించేవరకు పరికరం 100 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోరాదు. అనుమతి లభించాక 500 మిల్లీఆంపియర్ల వరకు తీసుకోవచ్చు. 3.0 ప్రమాణంలో ఈ పరిమితులు 150, 900 మిల్లీఆంపియర్లు. 2.0 ప్రమాణం ప్రకారం పూర్తి భారాన్ని మోసే పోర్టు వద్ద వోల్టేజి 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి.

వీబస్‌ను బోర్డులోని 5 వోల్టుల సరఫరాకు నేరుగా కలిపితే పోర్టు ఎప్పుడూ సజీవంగానే ఉంటుంది. అయితే పోర్టులో షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే బోర్డంతా కుప్పకూలుతుంది. అందువల్ల రెండింటి మధ్య విద్యుత్ స్విచ్ చిప్‌ను అమరుస్తారు. దీనికి రెండు ముఖ్యమైన పిన్‌లు ఉంటాయి. మొదటిది ఎనేబుల్ పిన్. ప్రాసెసర్ ఈ పిన్‌పై సంకేతం ఇస్తేనే స్విచ్ తెరుచుకొని వీబస్‌కు 5 వోల్టులు చేరతాయి. రెండవది ఫాల్ట్ పిన్. పరిమితికి మించిన కరెంటు ప్రవహించినప్పుడు స్విచ్ ప్రాసెసర్‌ను దీని ద్వారా హెచ్చరిస్తుంది.

ఇక్కడ పరిభాషకు సంబంధించిన వివరణ అవసరం. విద్యుత్ శాస్త్రంలో రెగ్యులేటర్ అంటే వోల్టేజిని స్థిరంగా నిలిపే వలయం. పైన చెప్పిన స్విచ్ ఆ పని చేయదు. ఉన్న 5 వోల్టులను వదులుతుంది లేదా ఆపుతుంది. అయినా లినక్స్ కెర్నెల్, యూ-బూట్ రెండూ దీనిని స్థిర వోల్టేజి రెగ్యులేటర్‌గానే పరిగణిస్తాయి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో రెగ్యులేటర్ అంటే వోల్టేజి విలువ, ఆన్-ఆఫ్ స్థితి, వినియోగదారులు ఉన్న విద్యుత్ వనరు. ఈ వ్యాసంలో ఆ పదం ఈ విస్తృతార్థంలోనే వాడబడింది.

3. బూట్ క్రమంలోని దశలు

ఎంబెడెడ్ ప్రాసెసర్‌లో బూట్ సాధారణంగా నాలుగు దశల్లో సాగుతుంది. మొదట ప్రాసెసర్ తయారీలోనే చిప్‌లో ముద్రించిన బూట్ రోమ్ నడుస్తుంది. అది రెండవ దశకు చెందిన చిన్న ప్రోగ్రామ్‌ను ఫ్లాష్ లేదా మెమరీ కార్డు నుంచి చిప్ లోపలి మెమరీలోకి తెస్తుంది. ఆ ప్రోగ్రామ్ బయటి ప్రధాన మెమరీని సిద్ధంచేసి పూర్తి బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. మూడవ దశలో బూట్‌లోడర్ కెర్నెల్‌ను, డివైస్ ట్రీని మెమరీలో ఉంచి, నియంత్రణను కెర్నెల్‌కు అప్పగిస్తుంది. నాలుగవ దశలో కెర్నెల్ డ్రైవర్లను ఒక్కొక్కటిగా ప్రారంభించి, చివరకు అనువర్తనాలను నడుపుతుంది.

ప్రతి దశలోను ఎనేబుల్ పిన్ స్థితి ఏమిటన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. రీసెట్ నుంచి బయటపడినప్పుడు ప్రాసెసర్ పిన్‌లు చాలావరకు ఇన్‌పుట్ స్థితిలో ఉంటాయి. ఏ సంకేతాన్నీ బయటకు పంపవు. అప్పుడు పిన్ స్థితిని నిర్ణయించేది బోర్డుపై ఉన్న నిరోధకం. ఎనేబుల్ పిన్‌ను భూమివైపు లాగే నిరోధకం ఉంటే, హై సంకేతంతో తెరుచుకునే స్విచ్ మూసుకొనే ఉంటుంది. సరఫరావైపు లాగే నిరోధకం ఉంటే విద్యుత్తు వచ్చిన క్షణంలోనే వీబస్ కూడా ఆన్ అవుతుంది. రెండవ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ జోక్యం లేకుండానే పోర్టు పనిచేస్తుంది. కానీ ప్రాసెసర్ సొంత సరఫరాలు నిలదొక్కుకుంటున్న సున్నితమైన సమయంలోనే పోర్టు భారం కూడా పడుతుంది. అందుకే మొదటి పద్ధతి శ్రేయస్కరం. అయితే ఆ పద్ధతిని ఎంచుకున్న బోర్డులో ఏదో ఒక ప్రోగ్రామ్ ఎనేబుల్ పిన్‌ను పైకి లేపే బాధ్యత స్వీకరించక తప్పదు. బూట్‌లోడర్ ఆ పని కెర్నెల్‌ది అనుకొని, కెర్నెల్ డ్రైవర్ అది బూట్‌లోడర్‌ది అనుకొంటే, పోర్టు చీకట్లోనే ఉండిపోతుంది.

4. డివైస్ ట్రీలో రెగ్యులేటర్ వర్ణన

బోర్డుపై ఏ చిప్ ఎక్కడ, దేనికి అనుసంధానమై ఉందో సాఫ్ట్‌వేర్‌కు తెలిపే పత్రమే డివైస్ ట్రీ. దీని మూలాలు ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణంలో ఉన్నాయి. యూఎస్‌బీ స్విచ్‌ను ఇందులో స్థిర వోల్టేజి రెగ్యులేటర్ అనే నోడ్‌గా రాస్తారు. దాని పేరు, వోల్టేజి, ఎనేబుల్ పిన్, దానికి విద్యుత్తునిచ్చే మాతృ సరఫరా, ఆన్ చేశాక స్థిరపడటానికి పట్టే వ్యవధి ఇందులో నమోదవుతాయి. తరచుగా అపార్థానికి గురయ్యే మూడు అంశాలను ప్రత్యేకంగా వివరించవలసి ఉంది.

మొదటిది సంకేత దిశ. స్విచ్ చిప్‌లలో హై సంకేతంతో తెరుచుకునేవి, లో సంకేతంతో తెరుచుకునేవి అని రెండు రకాలున్నాయి. సాధారణంగా డివైస్ ట్రీలో పిన్‌ను పేర్కొనేటప్పుడే దాని దిశను గుర్తుతో సూచిస్తారు. కానీ లినక్స్‌లో స్థిర రెగ్యులేటర్ నోడ్‌కు చారిత్రక కారణాల వల్ల మినహాయింపు ఉంది. అక్కడ పిన్ గుర్తు లెక్కలోకి రాదు; ఎనేబుల్-యాక్టివ్-హై అనే ప్రత్యేక లక్షణం ఉంటేనే హై దిశగా, లేకుంటే లో దిశగా భావిస్తారు. ఈ లక్షణాన్ని మరిచిన పత్రం చూడటానికి నిర్దోషంగానే కనిపిస్తుంది. ఫలితం మాత్రం తలకిందులవుతుంది: సాఫ్ట్‌వేర్ ఆన్ అన్నప్పుడు పోర్టు ఆఫ్ అవుతుంది.

రెండవది రెగ్యులేటర్-బూట్-ఆన్ అనే లక్షణం. దీని పేరు చూసి బూట్ సమయంలో ఆన్ చేసి అలాగే ఉంచమన్న ఆజ్ఞగా చాలామంది గ్రహిస్తారు. బైండింగ్ పత్రం చెప్పే అర్థం వేరు. బూట్‌లోడర్ ఈ రెగ్యులేటర్‌ను ఆన్ స్థితిలో వదిలి ఉంటుందని భావించాలి. వదలకపోతే కెర్నెల్ ఆన్ చేయాలి. అయితే తరువాత ఆఫ్ చేయడాన్ని అడ్డుకోరాదు. రెగ్యులేటర్ స్థితిని సాఫ్ట్‌వేర్ చదవలేని సందర్భాలకే ఇది ఉద్దిష్టం. అంటే ఇది ప్రారంభ స్థితిని తెలిపే వర్ణన మాత్రమే.

మూడవది రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్. ఇది నిజమైన శాసనం. ఈ లక్షణం ఉన్న రెగ్యులేటర్‌ను కెర్నెల్ ఆన్ చేసి, ఎన్నడూ ఆఫ్ చేయదు. ప్రాసెసర్ కేంద్ర సరఫరా వంటి వాటికి ఇది సముచితం. యూఎస్‌బీ పోర్టుకు ఎంతవరకు సముచితమన్నది ముందు చర్చించబడుతుంది.

5. బూట్‌లోడర్ పాత్ర

ఎంబెడెడ్ లినక్స్ రంగంలో విస్తృతంగా వాడే బూట్‌లోడర్ యూ-బూట్. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ ప్రారంభించిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తొలినాళ్లలో ప్రతి బోర్డుకు ప్రత్యేక ప్రోగ్రామ్ ఫైలు ఉండేది. యూఎస్‌బీ పిన్‌ను ఆ ఫైలులోనే పైకి లేపేవారు. తరువాత లినక్స్‌ను పోలిన డ్రైవర్ నమూనా, దానిలో భాగంగా రెగ్యులేటర్ వర్గం ప్రవేశించాయి. నేడు యూఎస్‌బీ కంట్రోలర్ లేదా దాని ఫిజికల్ లేయర్ డ్రైవర్, డివైస్ ట్రీలో తనకు అనుసంధానించిన రెగ్యులేటర్‌ను వెతికి ఆన్ చేయడం సక్రమమైన మార్గం. బూట్-ఆన్ గుర్తు ఉన్న రెగ్యులేటర్లన్నిటినీ ఒకేసారి ఆన్ చేసే ఫంక్షన్‌ను బోర్డు ప్రోగ్రామ్ నుంచి పిలవడం మరొక మార్గం.

బూట్‌లోడర్ దశలో వీబస్ నిజంగా అవసరమా అన్నది పరికరం వినియోగాన్ని బట్టి ఉంటుంది. కెర్నెల్ లేదా కొత్త సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డ్రైవ్‌లో ఉంటే అవసరం. కీబోర్డుతో బూట్‌ను ఆపవలసి వస్తే అవసరం. కెర్నెల్ అంతర్గత ఫ్లాష్‌లో ఉండి, యూఎస్‌బీలో మోడెమ్ మాత్రమే ఉంటే ఈ దశలో అవసరం లేదు. అనవసరమైన చోట ఆన్ చేయడం వల్ల బూట్ సమయం పెరగడమే కాక, మోడెమ్ ఒకసారి మేల్కొని, కెర్నెల్ రాకతో మళ్లీ రీసెట్ అయ్యే పరిస్థితి కలుగుతుంది.

కాలవ్యవధి ఈ దశలో మరొక సమస్య. లినక్స్ కెర్నెల్ పోర్టులను నిరంతరం గమనిస్తుంది; పరికరం ఆలస్యంగా వచ్చినా గుర్తిస్తుంది. యూ-బూట్ ఆదేశం ఇచ్చినప్పుడు ఒక్కసారి మాత్రమే వెతుకుతుంది. ఆ సమయానికి పరికరం సిద్ధంగా లేకపోతే అది లేనట్లే. విద్యుత్తు ఇచ్చాక ఎంతసేపు ఆగాలో హబ్ తన వర్ణనలో 2 మిల్లీసెకన్ల ప్రమాణంలో తెలుపుతుంది. అనుసంధానం స్థిరపడటానికి మరో 100 మిల్లీసెకన్లు ఆగాలని ప్రమాణం నిర్దేశిస్తుంది. కొన్ని డ్రైవ్‌లకు ఇదీ చాలదు. అందుకే నిరీక్షణను పెంచే యూఎస్‌బీ-పీగుడ్-డిలే అనే పర్యావరణ చలాన్ని యూ-బూట్ అందిస్తుంది. బూట్‌లోడర్‌లో కొన్నిసార్లు కనిపించి, కొన్నిసార్లు కనిపించని డ్రైవ్‌ల విషయంలో మొదట పరిశీలించవలసింది ఈ వ్యవధినే.

2023లో యూ-బూట్ స్థిర రెగ్యులేటర్లకు ప్రాథమిక వినియోగ గణన చేరింది. అంతకుముందు రెండు డ్రైవర్లు ఒకే రెగ్యులేటర్‌ను ఆన్ చేసి, వాటిలో ఒకటి ఆఫ్ చేస్తే రెండవదానికీ విద్యుత్తు పోయేది. గణన వచ్చాక ఎన్నిసార్లు ఆన్ చేశారో అన్నిసార్లు ఆఫ్ చేసేవరకు సరఫరా నిలిచి ఉంటుంది.

6. కెర్నెల్ పాత్ర

లినక్స్ కెర్నెల్‌లో రెగ్యులేటర్ వ్యవస్థ 2008లో 2.6.27 వెర్షన్‌తో ప్రవేశించింది. దీని మూలసూత్రం వినియోగ గణన. విద్యుత్తు కావలసిన ప్రతి డ్రైవర్ తనను వినియోగదారుగా నమోదు చేసుకొని, కావలసినప్పుడు అడుగుతుంది, అక్కర తీరాక వదులుతుంది. గణన సున్నాకు చేరినప్పుడే రెగ్యులేటర్ ఆఫ్ అవుతుంది. రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా సిద్ధం కాకముందే యూఎస్‌బీ డ్రైవర్ అడిగితే, కెర్నెల్ ఆ డ్రైవర్ ప్రారంభాన్ని వాయిదావేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. కాబట్టి వినియోగదారు సంబంధం డివైస్ ట్రీలో సరిగా రాసి ఉంటే, క్రమం దానంతట అదే కుదురుతుంది.

సంబంధం రాయకపోతే తలెత్తే లోపం ఆసక్తికరమైనది. బూట్‌లోడర్ వీబస్‌ను ఆన్ చేసి వదిలింది. డివైస్ ట్రీలో బూట్-ఆన్ గుర్తు ఉంది. కానీ ఏ డ్రైవర్ పేరునా రెగ్యులేటర్ నమోదు కాలేదు అనుకుందాం. కెర్నెల్ బూట్ అవుతుంది, మోడెమ్ కనిపిస్తుంది, పని మొదలవుతుంది. బూట్ ముగింపు దశకు చేరాక, వినియోగదారులు లేని రెగ్యులేటర్లను కెర్నెల్ వృథా విద్యుత్తుగా భావించి ఆఫ్ చేస్తుంది. నేటి కెర్నెళ్లలో ఈ శుభ్రీకరణ సుమారు 30 సెకన్ల ఆలస్యంతో జరుగుతుంది. ఫలితంగా అంతవరకు పనిచేసిన మోడెమ్ హఠాత్తుగా మాయమవుతుంది. పైన వివరించినట్లు, బూట్-ఆన్ లక్షణం దీనిని ఆపదు. మోడెమ్ లోపమనో, తీగ వదులైందనో భ్రమపడి హార్డ్‌వేర్‌ను మార్చుకుంటూ పోయే ప్రమాదం ఇక్కడే ఉంది. బూట్ అయిన ప్రతిసారీ దాదాపు ఒకే వ్యవధి తరువాత పరికరం అదృశ్యమైతే, కారణం తీగలో కాక డివైస్ ట్రీలో ఉందని అనుమానించాలి.

ఈ లోపానికి చాలామంది ఎంచుకునే చికిత్స ఆల్వేస్-ఆన్ లక్షణాన్ని చేర్చడం. లక్షణం మాయమవుతుంది, సమస్య పరిష్కారమైనట్లే కనిపిస్తుంది. సక్రమమైన చికిత్స వేరు: యూఎస్‌బీ కంట్రోలర్ నోడ్‌లో వీబస్-సప్లై గానో, ఫిజికల్ లేయర్ నోడ్‌లో ఫై-సప్లై గానో రెగ్యులేటర్‌ను అనుసంధానించాలి. ఏ పేరు వాడాలన్నది ఆయా డ్రైవర్ల బైండింగ్‌పై ఆధారపడుతుంది. బోర్డులోనే హబ్ చిప్ ఉంటే దాని సరఫరాను, రీసెట్ పిన్‌ను చూసుకునే ప్రత్యేక డ్రైవర్ 2022లో 6.0 వెర్షన్‌తో వచ్చింది. హబ్‌కు విద్యుత్తు అందితేనే అది బస్సుపై కనిపిస్తుంది; బస్సుపై కనిపిస్తేనే డ్రైవర్ మొదలై విద్యుత్తు ఇవ్వగలదు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టున్న ఈ చిక్కును ఆ డ్రైవర్ విడదీసింది.

7. ప్రారంభ ప్రవాహం, వోల్టేజి నష్టం

సాఫ్ట్‌వేర్ క్రమం సరిగా ఉన్నా విద్యుత్ లెక్క తప్పితే పరికరం నిలబడదు. 2.0 ప్రమాణం ప్రకారం హోస్ట్ వైపు వీబస్‌పై కనీసం 120 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ ఉండాలి. పరికరం వైపు 10 మైక్రోఫారడ్లకు మించరాదు. ఖాళీగా ఉన్న 120 మైక్రోఫారడ్లను 5 వోల్టులకు నింపడానికి 600 మైక్రోకూలంబ్‌ల ఆవేశం కావాలి. స్విచ్ నెమ్మదిగా తెరుచుకొని దీనిని 1 మిల్లీసెకనులో నింపితే సగటు ప్రవాహం 0.6 ఆంపియర్లు. అదే పనిని 0.1 మిల్లీసెకనులో చేస్తే 6 ఆంపియర్లు. చిన్న అడాప్టర్ ఈ రెండవ భారాన్ని మోయలేదు. 5 వోల్టుల సరఫరా కుంగి, ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. మళ్లీ బూట్ మొదలై అదే బిందువు వద్ద మళ్లీ కుంగుతుంది. దీనినే బూట్ వలయం అంటారు. నెమ్మదిగా తెరుచుకునే స్విచ్‌ను ఎంచుకోవడం, పోర్టులను ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటిగా ఆన్ చేయడం దీనికి నివారణలు.

స్థిర స్థితిలోని లెక్క కూడా అంతే ముఖ్యం. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ నుంచి గేట్‌వేకు వచ్చే తీగ నిరోధకత 0.1 ఓమ్ అనుకుంటే, పూర్తి భారం వద్ద తీగలోనే 0.2 వోల్టులు నష్టమవుతాయి. స్విచ్ అంతర్గత నిరోధకత కూడా 0.1 ఓమ్ అయితే, 500 మిల్లీఆంపియర్ల వద్ద మరో 0.05 వోల్టులు పోతాయి. పోర్టు వద్ద మిగిలేది 4.75 వోల్టులు, అంటే సరిగ్గా కనిష్ఠ హద్దు. అడాప్టర్ వోల్టేజి కొంచెం తగ్గినా, మోడెమ్ బలహీనమైన సిగ్నల్ కోసం అధిక శక్తితో ప్రసారం చేసినా హద్దు దాటినట్లే. ప్రయోగశాలలో టవర్‌కు దగ్గరగా పరీక్షించిన పరికరం, క్షేత్రంలో ప్రహరీ అంచున శుద్ధి కేంద్రం ఇనుప పెట్టెలో విఫలం కావడానికి ఇదొక కారణం కాగలదు.

8. మానవరహిత స్థలంలో పునరుద్ధరణ

ఆల్వేస్-ఆన్ పద్ధతిపై ప్రధాన విమర్శ ఇక్కడ మొదలవుతుంది. మోడెమ్ కూడా సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరే. అది స్తంభించిపోతే యూఎస్‌బీ ఆదేశాలకు స్పందించదు. కార్యాలయంలో అయితే ఎవరో ఒకరు దానిని తీసి మళ్లీ పెడతారు. వ్యర్థజల నిర్గమ స్థానం వద్ద ఆ పని చేయగలిగింది రెగ్యులేటర్ ఒక్కటే: వీబస్‌ను ఆపి, కొంత ఆగి, తిరిగి ఇవ్వడం. ఆల్వేస్-ఆన్ అని రాసిన మరుక్షణం కెర్నెల్ ఈ సాధనాన్ని వదులుకుంటుంది.

వాచ్‌డాగ్ రీసెట్ ఈ లోటును పూరిస్తుందన్న నమ్మకం కూడా అన్ని సందర్భాలకు చెల్లదు. ఎనేబుల్ సంకేతం ప్రాసెసర్ పిన్ నుంచి వస్తే, రీసెట్‌తో పిన్ ఇన్‌పుట్‌గా మారి వీబస్ కాసేపు ఆగుతుంది. కానీ సంకేతం విద్యుత్ నిర్వహణ చిప్ నుంచో, ప్రత్యేక పిన్ విస్తరణ చిప్ నుంచో వస్తే, ప్రాసెసర్ రీసెట్ అయినా ఆ చిప్ తన పాత స్థితిని నిలుపుకోవచ్చు. అప్పుడు వీబస్ ఒక్క క్షణం కూడా ఆగదు. బూట్‌లోడర్ వచ్చి ఆన్ చేయమంటుంది, రెగ్యులేటర్ ఇప్పటికే ఆన్‌లో ఉంది, ఏమీ జరగదు. స్తంభించిన మోడెమ్ స్తంభించే ఉంటుంది. గేట్‌వే ఎన్నిసార్లు పునఃప్రారంభమైనా ఫలితం మారదు. కాబట్టి బూట్ ఆరంభంలో వీబస్‌ను ఆన్ చేయడం చాలదు. ముందు ఆఫ్ చేసి, ఆపై ఆన్ చేయడం ఉచితం.

ఆఫ్ చేశాక ఎంతసేపు ఆగాలన్నదీ లెక్కించదగినదే. 120 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 1000 ఓమ్‌ల నిరోధకం ద్వారా ఖాళీ అవుతుందనుకుంటే, కాలస్థిరాంకం 0.12 సెకన్లు. 5 వోల్టుల నుంచి 0.8 వోల్టులకు దిగడానికి సుమారు 0.22 సెకన్లు పడుతుంది. ఖాళీచేసే మార్గమే లేని బోర్డులో ఇంకా చాలా ఎక్కువసేపు పట్టవచ్చు. 50 మిల్లీసెకన్లు మాత్రమే ఆగే ప్రోగ్రామ్ తాను సరఫరాను ఆపి ఇచ్చాననుకుంటుంది; మోడెమ్‌కు మాత్రం స్వల్పమైన కుంగుబాటు తప్ప మరేమీ తెలియదు. 1 నుంచి 2 సెకన్ల విరామం ఇటువంటి చోట సురక్షితమైన ఎంపిక.

ఒకే స్విచ్ రెండు పోర్టులకు విద్యుత్తునిచ్చే బోర్డుల్లో మరొక చిక్కు ఉంది. మోడెమ్ పోర్టును వదిలినా, ఆర్ఎస్-485 పరికరం ఉన్న పోర్టు ఇంకా వినియోగదారుగా ఉంటే గణన సున్నాకు చేరదు, సరఫరా ఆగదు. గణన తన పని తాను సరిగానే చేసింది. లోపం బోర్డు రూపకల్పనలో ఉంది. మానవరహిత పరికరంలో మోడెమ్‌కు ప్రత్యేక స్విచ్ కేటాయించడం అందువల్ల ఆవశ్యకం.

హోస్ట్‌గాను, పరికరంగాను పనిచేయగల ద్విపాత్ర పోర్టు విషయంలో ఆల్వేస్-ఆన్ హానికరం కూడా. సేవాసిబ్బంది తమ కంప్యూటర్‌ను ఆ పోర్టుకు కలిపినప్పుడు రెండు వైపుల నుంచీ 5 వోల్టులు ఎదురెదురవుతాయి. ఇటువంటి పోర్టులో హోస్ట్ పాత్ర ఖరారైన తరువాతనే వీబస్‌ను ఆన్ చేయాలి.

9. పరీక్షా విధానం

ఈ అంశాలను కళాశాల ప్రయోగశాలలో సైతం పరీక్షించవచ్చు. ఓసిల్లోస్కోప్‌లో ఒక చానల్‌ను బోర్డు 5 వోల్టుల సరఫరాకు, మరొకదానిని ఎనేబుల్ పిన్‌కు, ఇంకొకదానిని వీబస్‌కు కలిపి మొత్తం బూట్‌ను నమోదు చేయాలి. వీబస్ ఏ దశలో లేచింది, మధ్యలో పడిందా, లేచినప్పుడు ప్రధాన సరఫరా ఎంత కుంగింది అనే మూడు ప్రశ్నలకు ఆ ఒక్క చిత్రమే సమాధానమిస్తుంది. సీరియల్ కన్సోల్ సందేశాల కాలముద్రలను ఈ చిత్రంతో సరిపోల్చితే ఏ ప్రోగ్రామ్ ఆ మార్పుకు కారణమో తెలుస్తుంది. కెర్నెల్ డీబగ్ ఫైల్ వ్యవస్థలోని రెగ్యులేటర్-సమ్మరీ అనే ఫైలు ప్రతి రెగ్యులేటర్ వినియోగ గణనను, వినియోగదారుల పేర్లను చూపుతుంది. వీబస్ రెగ్యులేటర్ కింద ఏ పేరూ లేకపోతే ఆరవ భాగంలో వివరించిన లోపం పొంచి ఉన్నట్లే.

పరీక్షను ఒకే విధమైన బూట్‌కు పరిమితం చేయరాదు. విద్యుత్తు పూర్తిగా తీసి ఇవ్వడం, క్షణకాలం మాత్రమే తీసి ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ ఆదేశంతో రీబూట్ చేయడం, వాచ్‌డాగ్ ద్వారా రీసెట్ కానివ్వడం అనే నాలుగింటినీ విడివిడిగా, పదేపదే జరపాలి. ప్రతి సందర్భంలోను పోర్టు కనీసం 1 నిమిషం నిలిచి ఉందో లేదో చూడాలి. 30 సెకన్ల శుభ్రీకరణను దాటిందని అప్పుడే చెప్పగలం. క్షణకాలపు అంతరాయం ప్రత్యేకించి ముఖ్యం. పెద్ద మోటార్లు నడిచే పారిశ్రామిక ప్రాంగణాల్లో సరఫరా పూర్తిగా పోవడంతోపాటు కాసేపు కుంగి తేరుకోవడం కూడా సాధారణం. ప్రాసెసర్ రీసెట్ అయి, మోడెమ్ మాత్రం సగం చచ్చి సగం బతికి ఉండే స్థితి అటువంటి కుంగుబాటులోనే ఏర్పడుతుంది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. యూఎస్‌బీ పోర్టు రెగ్యులేటర్‌ను దాన్ని వినియోగించే కంట్రోలర్ లేదా ఫిజికల్ లేయర్ నోడ్‌కు డివైస్ ట్రీలో అనుసంధానించడమే మూల పరిష్కారం. బూట్‌లోడర్, కెర్నెల్ రెండూ ఆ ఒక్క వర్ణనను చదివి తమతమ పని చేసుకోగలవు.

2. బూట్-ఆన్ లక్షణం ప్రారంభ స్థితికి వర్ణన మాత్రమే; సరఫరా కొనసాగింపుకు అది హామీ ఇవ్వదు. వినియోగదారు లేని రెగ్యులేటర్‌ను కెర్నెల్ ఆఫ్ చేస్తుంది.

3. బూట్‌లోడర్ దశలో వీబస్ ఇవ్వడం, ఆ దశలో యూఎస్‌బీ అవసరమున్న పరికరాలకే పరిమితం కావాలి. ఇచ్చినప్పుడు పరికరం సిద్ధమయ్యే వ్యవధిని లెక్కించాలి.

4. ఆల్వేస్-ఆన్ లక్షణం లోపాన్ని కప్పిపుచ్చుతుంది. మానవరహిత పరికరంలో అది మోడెమ్‌ను పునరుద్ధరించే ఏకైక సాధనాన్ని హరిస్తుంది.

5. మోడెమ్‌కు ప్రత్యేక స్విచ్, తగిన విరామంతో ఆఫ్ చేసి ఆన్ చేసే క్రమం, నాలుగు విధాల రీసెట్ పరీక్ష క్షేత్ర పరికరాలకు కనీస అర్హతలుగా ఉండాలి.

నక్కవాగు తీరంలోని గ్రామాలకు నీటి నాణ్యతపై వచ్చే సమాచారం అనేక యంత్రాల గొలుసు మీదుగా ప్రయాణిస్తుంది. ఆ గొలుసులో రెగ్యులేటర్ అతి చిన్న కొక్కెం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కొక్కెం దానంతట అదే పడితేనే కొలతల పరంపర తెగకుండా సాగుతుంది. పరికరాలను కొనేటప్పుడు సెన్సర్ ఖచ్చితత్వాన్ని పరీక్షించినట్లే, పునఃప్రారంభం తరువాత పోర్టు నిలకడను కూడా పరీక్షాంశంగా చేర్చడం అవసరం.